కోళ్లఫారం సొరుగులో రివాల్వర్

మేడ్చల్,
ఆదివారం

బిడ్డా,

షూటింగ్ రేంజ్ నుంచి నువ్వు పంపిన ఫోటోలు, వాటి కింద రాసిన నాలుగు ముక్కలు చూశాను. మొదటి ఆరు తూటాలు కాల్చాక రివాల్వర్ బలవంతాన తెరుచుకుంది. రెండో ఆరు కాల్చాక సగం దాకా వచ్చి బిగుసుకుపోయింది. పక్కనున్న పెద్దమనిషి దాన్ని మోకాలికేసి విరవబోతే నువ్వు అడ్డుపడ్డావు. అడ్డుపడి మంచి పని చేశావు. ఖోకా, అంటే కాల్చిన తూటా ఖాళీ గొట్టం, ఇరుక్కుంటే పోయేది అరగంట. కీలు వంగితే తుపాకీయే పోతుంది.

చివర్లో, "ఈ పాత ఇనుము మార్చేసి నిర్భీక్ కొనుక్కోనా మామయ్యా" అని అడిగావు. కొనుక్కో, నీ డబ్బు నీ ఇష్టం. 2014లో కాన్పూర్ నుంచి అది వచ్చినప్పుడు ధర 1,22,360 రూపాయలు. టైటానియం మిశ్రమంతో చేశారు, బరువు అర కిలో. కానీ అదీ .32 రివాల్వరే, తినేది ఇవే తూటాలు. ఆ తూటాలు కోళ్ల షెడ్డు పక్కనున్న నీ ఆఫీసు గది సొరుగులోనే పడి ఉంటే కొత్తది కూడా ఇట్లాగే మొరాయిస్తుంది. నాకు అనుమానం ఆ సొరుగు మీదే. ఎందుకో చెప్తా, ఓపిగ్గా చదువు.

లోపల ఏం జరుగుతుందో ముందు తెలియాలి. తూటా ఒంటికున్న గొట్టం ఇత్తడిది, నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. మందు అంటుకోగానే దాని లోపలి ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి వెయ్యి రెట్ల దాకా పోతుంది. ఆ దెబ్బకు ఇత్తడి ఉబ్బి, సిలిండర్‌లో తూటా కూర్చునే ఛాంబర్ గోడకు అతుక్కుంటుంది. అతుక్కోవాలి కూడా, లేకుంటే వేడి గ్యాస్ వెనక్కి తన్నుతుంది. గుండు బయటపడ్డాక ఒత్తిడి దిగిపోయి ఇత్తడి వెంట్రుకవాసి వెనక్కి ముడుచుకుంటుంది. ఖోకా బయటికి జారేది ఆ వెంట్రుకవాసి సందు పుణ్యాననే. ఉక్కు గోడ కూడా ఆ క్షణంలో కాస్త సాగి మళ్లీ ముడుచుకుంటుంది. ఉక్కు ముడుచుకున్నంత ఇత్తడి ముడుచుకోలేదా, ఖోకా గట్టిగా పట్టుబడినట్టే. గోడకు మసి పేరుకున్నా, తుప్పు తిని గుంటలు పడ్డా అంతే. మెత్తటి ఇత్తడి ఆ గరుకులోకి ఒత్తుకుపోయి అక్కడే కరుచుకుంటుంది.

మీ నాయిన రివాల్వర్ మధ్యకు విరిచి తెరిచే రకం, పాత వెబ్లీల దారిలో కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో చేసింది. తుపాకీ గొట్టం కిందికి వంచుతుంటే సిలిండర్ మధ్యలోని నక్షత్రం లాంటి ఎక్స్‌ట్రాక్టర్ లేచి ఆరు ఖోకాలనూ ఒకేసారి పైకి నెడుతుంది. సౌకర్యమే. చిక్కు కూడా అక్కడే ఉంది. ఒక్క ఖోకా ఇరుక్కున్నా ఆరూ ఇరుక్కున్నట్టే చేతికి తెలుస్తుంది. "అన్నీ బిగుసుకున్నాయి" అని నువ్వు రాశావు కదా, అన్నీ అని నేనైతే ఇప్పుడే ఒప్పుకోను.

కాబట్టి ఈసారి రేంజ్‌కు పోయేటప్పుడు ఒక గుడ్ల ట్రే తీసుకుపో. నీకు ట్రేలకు కొదవా! సిలిండర్ బయటివైపు మార్కర్‌తో ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వెయ్యి, ట్రేలో ఆరు గుంటలకూ అవే అంకెలు వెయ్యి. ఒకటో ఛాంబర్‌లో మాత్రమే తూటా పెట్టి కాల్చు, తెరువు, ఖోకాను ఒకటో గుంటలో పెట్టు. తర్వాత రెండోది. ఆరూ అయ్యేసరికి దొంగ ఎవరో తేలిపోతుంది. ఒకే ఛాంబర్ దగ్గర ఆగుతుంటే లోపం ఆ ఛాంబర్‌ది. ఆరింటిలోనూ ఒకే తీరుగా కష్టమైతే తూటాలదో, మొత్తం సిలిండర్ మురికిదో. ఒకసారి ఇక్కడా ఒకసారి అక్కడా అయితే తూటాల్లోనే కొన్ని చెడ్డవి ఉన్నాయని అర్థం. అనుమానం తీరకపోతే మూడో ఛాంబర్‌లో కాల్చిన ఖోకాను అయిదో దాంట్లో పెట్టి చూడు. అక్కడ సులువుగా దూరి, తన ఇంట్లో దూరకపోతే మూడో దాని సంగతి చూడాలి. ఈ పని తెలిసినవాళ్లు ఎవరైనా చేసేది ఇదే. స్క్రూడ్రైవర్ పట్టేది తెలియనివాళ్లు.

ఇంకొకటి. తెరిచేటప్పుడు భయం భయంగా సగం తెరిచి, మళ్లీ మూసి, మళ్లీ తెరవకు. సగం లేచిన నక్షత్రం కిందికి దిగేటప్పుడు ఖోకా అంచు దాని కింద చిక్కుకుంటుంది, ఇక అది వేరే తలనొప్పి. ఒకే ఊపులో, మెత్తగా, పూర్తిగా తెరువు. బలం పెట్టి కాదు, ఆగకుండా తెరవాలి. గొట్టం మాత్రం టార్గెట్ వైపే ఉండాలి. విరిచి తెరిస్తే గొట్టం కిందికీ నక్షత్రం పైకీ ఉంటాయి కనుక కాలని మందు గింజలు రాలి నక్షత్రం కిందే కూర్చుంటాయి. ఒక్క గింజ చాలు, తర్వాతి తూటా అంచు లేచి నిలబడుతుంది. సిలిండర్ తిరగడం బరువవుతుంది. జనం దాన్ని "స్ప్రింగు పోయింది" అంటారు. పాత టూత్‌బ్రష్‌తో నక్షత్రం కింద తుడిస్తే పోయే జబ్బు అది.

కాల్చేటప్పుడు ఎప్పుడైనా "టప్" అని చిన్న చప్పుడు వస్తే అక్కడికక్కడ ఆపెయ్. గుండు గొట్టంలోనే ఉండిపోయి ఉండొచ్చు. అసలు పేలకపోతే గొట్టం టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగు. తర్వాతే తెరువు. నేను రాసేదంతా కాల్చిన ఖోకాల గురించే. పేలని తూటా ఛాంబర్‌లో ఇరుక్కుంటే దాన్ని ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు.

ఇప్పుడు నీ ఫోటోల దగ్గరికి వద్దాం.

ఖోకాల అడుగున క్యాప్‌లు చూశాను. అంచులు గుండ్రంగానే ఉన్నాయి, నొక్కేసినట్టు చదునుగా లేవు. ఒత్తిడి మితిమీరిన గుర్తు వాటిలో కనబడలేదు. ఆ భయం కాస్త తగ్గించుకో. రెండు ఖోకాల మీద నిలువు గీతలున్నాయి, గరుకు గోడ మీంచి లాగితే పడేవి. ఆ ఛాంబర్లలో తుప్పో మసో ఉంది. ఒక ఖోకా ఒంటి మీద సగం దాకా నల్లగా పొగచూరింది, అది సరిగ్గా ఉబ్బి మూసుకోలేదని గుర్తు. నన్ను ఆపింది మాత్రం మరో ఫోటో. నోటి దగ్గర సన్నటి నిలువు చీలిక, దాని పక్కన పచ్చటి మరక. చిలుము. బిందెకు పడితే చింతపండుతో తోముతాం కదా, అదే. తూటాకు పడితే తోమి వాడుకునేది కాదు.

షెడ్డులో వానాకాలం కళ్లు మండుతాయని నువ్వే అంటావు. పొట్టు తడిసి, రెట్ట కుళ్లి వచ్చే అమోనియా అది. కోళ్లకు గాలిలో పది లక్షల పాళ్లకు 25 పాళ్లు మించకూడదని మీ పశువైద్యులు చెప్తారు. ఇత్తడికి అంతకంటే తక్కువున్నా, తేమ తోడై నెలల తరబడి ఉంటే చీలడానికి సరిపోతుంది. ఇది నా ఊహ కాదు, మన దేశంలోనే బయటపడ్డ సంగతి. తెల్లవాళ్ల కాలంలో పటాలాల తూటాలను వానలు తగ్గేదాకా గుర్రపుశాలల్లో దాచేవాళ్లు. వానాకాలం పోయాక తీసి చూస్తే, ఒక్కటీ కాల్చకుండానే ఇత్తడి గొట్టాలకు పగుళ్లు. ఋతువుతో వచ్చిన పగుళ్లు కాబట్టి ఇంగ్లీషువాళ్లు వాటికి ‘సీజన్ క్రాకింగ్’ అని పేరు పెట్టారు. కారణం తేలింది 1921లో. మూర్, బెకిన్‌సేల్, మలిన్‌సన్ అనే ముగ్గురు దాన్ని గుర్తించారు. గొట్టాన్ని సాగదీసి తయారుచేసేటప్పుడు ఇత్తడిలో బిగువు ఉండిపోతుంది. గుర్రాల మూత్రం నుంచి వచ్చిన అమోనియా, తేమతో కలిసి ఆ బిగువున్న చోటే తింటుంది. తయారీలో చివర తక్కువ వేడి మీద కాచి ఆ బిగువును దించితే పగుళ్లు చాలావరకు ఆగుతాయని కూడా అప్పుడే తెలిసింది. ఇప్పటి తూటాలను చాలావరకు అట్లా కాచే వదులుతారు. కానీ నోటి దగ్గర గుండును బిగించి నొక్కినప్పుడు మళ్లీ కాస్త బిగువు వస్తుంది, నీ చీలిక వచ్చిందీ సరిగ్గా అక్కడే. మన బొల్లారంలో కూడా ఒకప్పుడు అశ్వికదళం ఉండేది. గుర్రాలు పోయాయి, నువ్వు కోళ్లు తెచ్చావు, అమోనియా మాత్రం మారలేదు.

చీలిన తూటా కాలితే ఏమవుతుందంటే, గ్యాస్ ఆ చీలికలోంచి పక్కకు తన్ని ఛాంబర్ గోడకు మసి పూస్తుంది. తర్వాత వచ్చే మంచి తూటా ఆ మసి మీద ఉబ్బి ఇరుక్కుంటుంది. నువ్వు దాన్ని చూసి "ఈ తూటా బాగానే ఉంది కదా, మరి తుపాకీదే తప్పు" అనుకుంటావు.

సొరుగులోని ఆ పెట్టెలో మిగిలిన తూటాలను ఇక కాల్చకు. వాటిని చెత్తలో పారేయడం, కాలువలో పడేయడం కూడా చేయకు. లైసెన్సు పుస్తకం తీసుకుని, కొన్న డీలర్ దగ్గరికో స్టేషన్‌కో పోయి అప్పగించే పద్ధతి అడుగు, లెక్క రాయించుకో. అన్నట్టు, ఖోకాలను మీ తమ్ముడితో నాకు పంపిస్తానన్నావు. వద్దు తల్లీ. ఫోటోలు చాలు. సంచి అడుగున మరిచిపోయిన ఒక్క తూటాతో శంషాబాద్ విమానాశ్రయంలో కేసుల పాలైనవాళ్లు ఎందరో. మా డిపార్ట్‌మెంట్‌లో ఫైరింగ్ అయ్యాక గడ్డిలో ఖోకాలు వెతకడానికే సాయంత్రం దాకా పట్టేది. లెక్క తేలకపోతే ఎవరూ ఇంటికి పోయేవాళ్లు కాదు. ఆ అలవాటు నీకూ ఉండాలి.

మీ నాయినను ఒక మాట అడుగు. ద్రాక్షతోట తీసేసి షెడ్లు వేసిన కొత్తల్లో ఆయన ఈ రివాల్వర్‌లో పిస్టల్ తూటాలేమైనా వాడాడా? అడిగితే కోప్పడతాడు, అయినా అడుగు. మన దగ్గర .32 అనే పేరుతో రెండు వేరువేరు తూటాలు తిరుగుతాయి. రివాల్వర్‌ది పొడవు, ఇత్తడి గొట్టమే 23 మిల్లీమీటర్ల పైన, అడుగున అంచు 9.5 మిల్లీమీటర్లు. అశని లాంటి పిస్టళ్లది పొట్టి, గొట్టం 17 మిల్లీమీటర్లే, అంచు 9.1. లావులో రెండూ దగ్గర దగ్గర కాబట్టి పిస్టల్ తూటా కొన్ని రివాల్వర్లలో దూరుతుంది, పేలుతుంది కూడా. పేలింది కదా అని వాడేస్తారు. కానీ దాని ఒత్తిడి హద్దు ఎక్కువ, పాత రివాల్వర్ దానికోసం కట్టింది కాదు. అంచు చిన్నది కాబట్టి నక్షత్రానికి సరిగ్గా దొరక్క జారిపోతుంది. పొట్టి గొట్టం నోరు ఆగిన చోట ఛాంబర్ లోపల మసి ఉంగరంలా గట్టిపడుతుంది. తర్వాత సరైన పొడవు తూటా పెడితే ఆ ఉంగరం దగ్గర ఆగుతుంది, లేదా బలవంతాన దూరి కాలినాక రానంటుంది. టార్చ్ వేసి వెనకనుంచి ఛాంబర్‌లోకి చూడు. మూడు వంతుల లోతులో నల్లటి గీత గుండ్రంగా కనిపిస్తే మీ నాయిన జవాబు ఏదైనా సరే, నీకు జవాబు దొరికినట్టే.

తుప్పు సంగతి వేరు. 2023 అక్టోబర్‌లో అసెంబ్లీ ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు రివాల్వర్‌ను స్టేషన్‌లో జమ చేశారు. 2024 మార్చిలో లోక్‌సభ ఎన్నికలకు మళ్లీ జమ, జూన్‌లో చేతికొచ్చింది. రెండుసార్లూ మీ నాయిన దాన్ని తోలు కేసుతోనే ఇచ్చాడు. తోలు తేమను పీల్చి పట్టుకుంటుంది, దాన్ని పదును చేసిన లవణాలు ఇనుమును తింటాయి. తోలు కేసు నడుముకు పెట్టుకోవడానికే, దాచడానికి కాదు. మళ్లీ ఎన్నికలొస్తే పలచగా నూనె రాసి, పొడి గుడ్డలో చుట్టి, మీద ప్లాస్టిక్ కవర్ వేసి ఇవ్వు. చేతికొచ్చిన రోజే విప్పి తుడువు.

ఛాంబర్‌లో తుప్పు ఎంత పని చేస్తుందో వియత్నాంలో అమెరికావాళ్లు చూశారు. 1960లలో కొత్త ఎం16 రైఫిళ్లను ఛాంబర్‌కు క్రోమియం పూత లేకుండానే ఆ తడి దేశానికి పంపారు. పైగా తూటాల్లో మందు మార్చారు, తుడిచే సామాను చాలినంత ఇవ్వలేదు. ఛాంబర్లలో గుంటలు పడి ఖోకాలు ఇరుక్కుపోతే, ఎదుట శత్రువు ఉండగా సైనికులు గొట్టంలోకి కడ్డీ దూర్చి వాటిని పొడిచి తీయాల్సి వచ్చింది. 1967లో వాళ్ల చట్టసభ కమిటీ దానిమీద విచారణ చేసింది. ఆ తర్వాత ఛాంబర్లకు క్రోమియం వేశారు. నీ సిలిండర్‌కు ఆ పూత లేదు. మీ శామీర్‌పేట చెరువు గాలి, షెడ్డు గాలి రెండూ దాని మీదే.

శుభ్రం చేయడం రేంజ్‌లో నేర్పే ఉంటారు, అయినా ఛాంబర్ల గురించి మాత్రం చెప్తా. తుపాకీ ఖాళీ అని రెండుసార్లు చూసుకున్నాక, ఛాంబర్‌కు సరిపోయే కంచు బ్రష్‌ను సాల్వెంట్‌లో ముంచి వెనకనుంచి తోసి లాగు. మసి ఉంగరం ఉంటే సాల్వెంట్ పట్టించి రాత్రంతా వదిలెయ్, పొద్దున మళ్లీ తోయి. తర్వాత ఫ్లానల్ గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడువు. చివర నూనె రాస్తావు కదా, కాల్చేముందు ఛాంబర్లలోంచి ఆ నూనె పూర్తిగా తీసెయ్యాలి. నూనె ఉన్న గోడను ఇత్తడి పట్టుకోలేక వెనక్కి ఎక్కువ బలంతో తన్నుతుంది. తూటా లోపలికి నూనె దిగితే క్యాప్ చచ్చిపోతుంది కూడా. "జారుడు కోసం కాస్త నూనె" అని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వాళ్లకు దండం పెట్టి వచ్చెయ్. మా రోజుల్లో పాత .303 తూటాల క్యాప్‌ల నుంచి ఉప్పు మిగిలేది, అది గాల్లోని తేమను లాగి ఒక్క రాత్రిలో తుప్పు పట్టించేది. అందుకే కాల్చిన రోజే మరిగే నీళ్లు గొట్టంలో పోసి కడిగేవాళ్లం. ఎంత అలసిపోయినా రేపు కడుగుదాం అన్నవాడికి పరేడ్‌లో చీవాట్లే.

ఎమరీ కాగితం, డ్రిల్లుకు చుట్టిన స్టీల్ ఉన్ని, ఇవి మాత్రం దగ్గరికి రానీయకు. ఛాంబర్ వెంట్రుకవాసి పెద్దదైతే ఖోకా అంతకంత ఎక్కువ ఉబ్బుతుంది, ఇంకా గట్టిగా ఇరుక్కుంటుంది. తీసిన ఉక్కును మళ్లీ పెట్టలేం.

మీ మరిది స్నేహితుడికి జీడిమెట్లలో లేత్ ఉందనీ, అతను అరగంటలో పాలిష్ చేసిస్తానన్నాడనీ రాశావు. చేయగలడు, నాకు అనుమానం లేదు. బాలానగర్, జీడిమెట్ల పనివాళ్ల చేతిపని నాకు తెలుసు, వాళ్లు మైక్రాన్లలో కొలిచి పని చేస్తారు. కానీ 1959 ఆయుధాల చట్టం అయిదో సెక్షన్ ప్రకారం తుపాకీ రిపేరుకు కూడా లైసెన్సు కావాలి. నీ లైసెన్సు తుపాకీ ఉంచుకోవడానికే. అతని దగ్గర ఇచ్చి వస్తే ఇద్దరూ ఇరుక్కుంటారు, ఖోకా కంటే గట్టిగా. రిపేరు లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరికి నువ్వే స్వయంగా తీసుకుపో, రశీదు తీసుకో. అక్కడ మూడు అడుగు: ఏ ఛాంబర్లలో గుంటలున్నాయి, నక్షత్రం చేతులు అరిగాయా, కీలు దగ్గర లూజు ఎంత. గుంటలు లోతుగా ఉంటే సిలిండర్ మార్చాలనే చెప్తాడు, దానికి కాన్పూర్‌కు రాయాలి. పైపైన ఉంటే అతను తన పనిముట్టుతో చేసిస్తాడు. "కాల్చి చూపించు" అని కూడా అడుగు, మొహమాటపడకు.

ఇక ఆ సొరుగు. లైసెన్సు కాగితాలతో పాటు తుపాకీని భద్రంగా దాస్తానని నువ్వు రాసిచ్చావు. షెడ్డు పక్క గదిలో, మేస్త్రీలూ లారీవాళ్లూ వచ్చిపోయే చోట, చెక్క సొరుగుకు చిన్న తాళం వేస్తే అది భద్రం కాదు. ఇంట్లో ఇనుప బీరువాలో పెట్టు, తూటాలు వేరే అరలో గట్టి మూత డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టు. షెడ్డుకు రెండు మంచి కుక్కలూ, కెమెరాలూ పెట్టుకుంటే రివాల్వర్‌తో పని పడదని నా అభిప్రాయం. మీ నాయిన ఒప్పుకోడు, ఆయనకు డెబ్బై దాటాక నీ పేరు మీదికి మార్పించిందే ఆ పట్టుదలతో. ఈ విషయంలో నేనూ ఆయనా ముప్పై ఏళ్లుగా ఒక మాట మీదికి రాలేదు, ఇప్పుడు నిన్ను మధ్యలో పెట్టను.

దసరాకు మీ చిన్నాయన కొడుకు పెళ్లి ఉంది. బరాత్‌లో ఒకటి గాల్లోకి కాల్చమని ఎవరో ఒకరు అంటారు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత అట్లాంటి సంబరపు కాల్పులతో జనానికి ముప్పు తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఆ రోజు తుపాకీ బీరువాలోనే ఉండనీ, బీరువా తాళం చెవి నీ దగ్గరే ఉండనీ.

గన్‌స్మిత్ చూశాక కొత్త పెట్టె కొని, గుడ్ల ట్రే పద్ధతిలో మొదటి ఆరూ కాల్చి, ఒకటి నుంచి ఆరు దాకా ఏ ఖోకా ఎట్లా వచ్చిందో వరసగా రాసి పంపు. ఫోటోలు వెలుతురులో తియ్యి. క్యాప్ వైపు ఒకటి, ఒంటి వైపు ఒకటి.

మీ అత్తయ్య అడిగినట్టు చెప్పమంది.

మీ మామయ్య